ఎర్సీలియా వదిన నేలమాళిగ

మా ఇంట్లో వంటిళ్ళు రెండు ఉండేవి. పైది చుట్టాలకు చూపించడానికి, కిందిది వండుకోవడానికి. అమెరికాలో, కొండ మీది మా వీధిలో, ఇటలీ వాళ్ళ ఇళ్ళన్నీ అంతే. పైవంటింటి పొయ్యి మీద నేను తెల్లటి లేసుగుడ్డ పరిచి, దాని మీద మైనపు ద్రాక్షపళ్ళున్న పళ్ళెం పెట్టుకున్నాను. పెళ్ళయిన ఏడేళ్ళలో ఆ పొయ్యి వెలిగించింది ఎన్నిసార్లో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. జూన్ నెల రాగానే ఇల్లు ఇల్లంతా నేలమాళిగలోకి దిగిపోయేది. మంచాలు, రేడియో, పిల్లల బొమ్మలు, మా ఆయన నున్సియో కుర్చీ, అన్నీ కిందికే. సెప్టెంబరు దాకా మా కాపురం అక్కడే.

కిందికి దిగడానికి పదకొండు మెట్లు. ఏడో మెట్టు దాటేసరికి చీలమండలకు చల్లదనం తగిలేది. కింద ఉక్కు మిల్లు, దాని పక్కన ఓహైయో నది, ఆ రెండింటి మధ్య నుంచి పైకి లేచే ఆవిరి, పొగ కలిసి జూలైలో మా కొండను ఉడకబెట్టేవి. ఆ ఉడుకులోంచి వచ్చి ఆ ఏడో మెట్టు మీద కాలు పెట్టినప్పటి సుఖం నాకు ఈ ఎనభై రెండేళ్ళ వయసులోనూ గుర్తుంది.

ఆ నేలమాళిగ మా మామగారు తన చేతులతో తవ్వింది. కానీ దాని యజమానురాలు మాత్రం మా వదిన ఎర్సీలియా. నున్సియోకు అక్క, ఆయన కన్నా తొమ్మిదేళ్ళు పెద్ద. పెళ్ళి చేసుకోలేదు. పెళ్ళి గౌన్లు కుట్టేది. ఊళ్ళో ఎవరి పెళ్ళయినా, ఇటలీ వాళ్ళదైనా, పోలండు వాళ్ళదైనా, స్లొవాకు వాళ్ళదైనా, పెళ్ళికూతురి గౌను మా ఇంటి మెట్లెక్కి బయటకు వెళ్ళాల్సిందే. ఉత్తరం గోడ పక్కన ఆవిడ కుట్టుమిషను, దాని వెనక ఎత్తయిన చెక్క బీరువా. కుట్టిన గౌన్లు పలచటి నూలుగుడ్డ తొడుగుల్లో ఆ బీరువాలో వేలాడేవి. పిల్లలు చీకట్లో వాటిని చూసి దయ్యాలని కేకలు పెట్టేవాళ్ళు.

వేసవిలో శాటిన్ కుట్టాలంటే చల్లటి చోటు కావాలి. చెమట చేయి ఒక్కసారి తగిలిందా, ఆ మరక ఇక పోదు. అందుకే వదిన ఎండాకాలమంతా ఆ గదిని కనిపెట్టుకుని ఉండేది. కానీ చల్లదనంతో పాటే చెమ్మా వచ్చేది. జూలైలో గోడలకు నీటిబొట్లు పట్టేవి. చన్నీళ్ళ గొట్టం టపటపా కారేది. నేల సిమెంటు అక్కడక్కడ నల్లబడేది. మామగారు ఉన్నప్పుడు ఏటేటా సున్నం వేయించేవారు. ఆయన పోయాక నున్సియో వేస్తున్నాడు. అయినా ఆ చెమ్మ పోలేదు. గోడలోంచి కొండ నీళ్ళు ఊరుతున్నాయని అందరం అనుకునేవాళ్ళం.

దానికి నున్సియో కనిపెట్టిన మందు కిటికీలు. పైకప్పుకు ఆనుకుని, బయట నేలకు సమానంగా, జానెడు ఎత్తున నాలుగు కిటికీలు ఉండేవి. వాటిలోంచి చూస్తే వీధిలో పోయేవాళ్ళ బూట్లు తప్ప ఇంకేం కనపడేవి కావు. మిల్లుకు బయలుదేరే ముందు తెల్లవారుజామున ఐదింటికి ఆ నాలుగూ బార్లా తెరిచి, వాటికి చెక్క ముక్కలు అడ్డం పెట్టి మరీ వెళ్ళేవాడు. జ్వరం వచ్చినా ఆ పని మానేవాడు కాదు.

"మనిషి ఉండే చోటికి గాలి రావాలి," అనేవాడు.

"గాలితో పాటు కుక్కలు కూడా వస్తున్నాయి," అనేదాన్ని నేను. పక్కింటివాళ్ళ కుక్క ఒకసారి కిటికీలోంచి తల దూర్చి నా సాసు గిన్నెలోకి చూస్తూ చొంగ కార్చింది.

వదిన మాత్రం కిటికీల గురించి ఏమీ అనేది కాదు. ఆ మౌనం నాకు వింతగా ఉండేది. ఎందుకంటే మిగతా అన్నిటి గురించీ ఆవిడ ఏదో ఒకటి అనేది.

ఆ ఏడు జూలై మూడో వారంలో పోలండు వాళ్ళమ్మాయి హలీనా పెళ్ళి. వాళ్ళది మూల మీది రొట్టెల దుకాణం. హలీనా తల్లి బ్రోన్యా వీధి మొత్తానికి వినపడేలా మాట్లాడే మనిషి. గౌను సంగతిలో ఆవిడ కోరిక ఒక్కటే. వెనక మూడు గజాల తోక నేల మీద జీరాడాలి. "నా పెళ్ళి యుద్ధం రోజుల్లో అరువు గౌనుతో జరిగింది. నా కూతురు నడిచొస్తుంటే చర్చిలో వెనక వరస దాకా ఆ తోకే కనపడాలి," అంది. వదిన నెలన్నర కష్టపడి కుట్టింది. నడుము చుట్టూ ముత్యాలు నేనూ కుట్టాను. రాత్రుళ్ళు కాదు, మధ్యాహ్నాలు, పిల్లలు పడుకున్నాక.

పెళ్ళి శనివారం. ఆ వారం మొదట్లో, సోమవారం పొద్దున, వదిన చివరిసారి చూద్దామని తొడుగు తీసింది. నేను పొయ్యి దగ్గర మాకరోనీకి నీళ్ళు మరిగిస్తున్నాను. వెనక నుంచి ఏ చప్పుడూ లేదు. మాట్లాడకుండా ఉండటం ఆవిడ స్వభావం కాదు కనక వెనక్కి తిరిగాను.

గౌను వెనక భాగంలో, గోడ వైపు ఉన్న మడతల్లో, మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు. బూజు. దగ్గరకు వెళ్ళేసరికి తడిసిన కాగితం వాసన.

"నిమ్మరసం రాసి ఎండలో పెడదామా వదినా?" అన్నాను.

"ఇది దుప్పటి కాదు డీనా. శాటిన్. ఎండలో పెడితే పచ్చబడుతుంది."

కాసేపు ఆ చుక్కలకేసి చూసింది. తరవాత నా వైపు, పొయ్యి మీద మరుగుతున్న గిన్నె వైపు, దాని పైన తాడు మీద ఆరేసిన పిల్లల బట్టల వైపు చూసింది. ఆ చూపుతోనే నాకర్థమైంది.

"ఏడేళ్ళ నుంచి చూస్తున్నాను. రోజుకి మూడు గిన్నెలు మరిగిస్తావు. మూత అనేదొకటి ఉంటుందని ఎవరూ చెప్పలేదా నీకు? వానొస్తే చాలు, తడి బట్టలన్నీ నా నెత్తిమీద ఆరేస్తావు. ఇది బట్టలుతికే రేవా?"

"మరి వంట ఎక్కడ చెయ్యమంటావు? పైన చేస్తే ఇల్లు కొలిమవుతుందని నువ్వేగా అన్నావు!"

"పైన చేసుకో. మైనం ద్రాక్షపళ్ళు కరిగిపోతే నేను కొనిస్తాలే."

నాకు రోషమొచ్చింది. ఆ గిన్నె గుడ్డతో పట్టుకుని, మరుగుతున్న నీళ్ళతో సహా పదకొండు మెట్లూ ఎక్కి పైవంటింట్లో పెట్టాను. ద్రాక్షపళ్ళ పళ్ళెం తీసి అల్మరా మీద పడేశాను. ఉతికిన బట్టలన్నీ పెరట్లో ఆరేశాను. అక్కడ మిల్లు మసి పడి తెల్ల చొక్కాలన్నీ బూడిద రంగుకు తిరిగాయి. అప్పుడు ఏడుపొచ్చింది. ముత్యాలు కుట్టిన చేతులతోనే ఆ గౌను పాడుచేశానా అనిపించింది.

కాసేపటికి వదిన పైకొచ్చింది. టోపీ పెట్టుకుని, చేతిసంచీ పట్టుకుని ఉంది.

"పద, బ్రోన్యాకి చెప్పాలి."

"ఏమని?"

"గౌను పాడైందని."

"ఎందుకు వదినా? పాడైంది వెనక భాగమేగా. తోకలోంచి గుడ్డ తీసి అక్కడ వెయ్యొచ్చు. తోక పొట్టిదైతే అయింది. ఎవరు కొలుస్తారు?"

"బ్రోన్యా కొలుస్తుంది," అంది వదిన. "ఆవిడ కొలవకపోయినా నాకు తెలుస్తుందిగా."

బ్రోన్యా ఇంటికి వెళ్ళేసరికి వాళ్ళు మధ్యాహ్నం భోజనానికి కూర్చుని ఉన్నారు. పక్కన దుకాణంలో పొయ్యి వేడి గోడలోంచి ఇంట్లోకి కొడుతోంది. వదిన నిలబడే ఉండి, చుట్టుతిప్పుడు లేకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పింది. బ్రోన్యా వింటున్నంతసేపూ నోరు తెరుచుకునే ఉంది. తరవాత ఆ నోరు మూత పడలేదు.

"ఏమ్మా ఎర్సీలియా! నీ చేతిలో పెడితే బ్యాంకులో పెట్టినట్టేనని ఊరంతా చెప్పానే! మూడు గజాల తోక కావాలన్నానా, రాజ్యం అడిగానా? నా కూతురి గౌనంతా బూజు పాలు చేశావా? ఇప్పుడు నా పిల్ల ఏం కట్టుకుని పోవాలి, పిండి గోతాం కట్టుకుని పోవాలా?"

"బ్రోన్యా, శుక్రవారం సాయంత్రానికి గౌను ఇస్తాను. తోక ఉండదు. డబ్బు తీసుకోను."

"నీ డబ్బెవడిక్కావాలి!"

హలీనా అప్పటిదాకా బల్ల చివర తల వంచుకుని కూర్చుంది. ఇరవై ఏళ్ళ పిల్ల. మెల్లిగా అంది, "అమ్మా, తోక లేకపోతే నేను డాన్సు చేసుకోవచ్చు."

బ్రోన్యా కూతురి వైపు గిర్రున తిరిగింది. హలీనా తండ్రి నవ్వు ఆపుకోలేక గొంతు సవరించుకుని, వదినకు కుర్చీ లాగి వేశాడు. ఐసుపెట్టెలోంచి తీసిన బీరు సీసా మా ముందు పెట్టి గ్లాసుల కోసం లేచాడు. బ్రోన్యా ఇంకా తిడుతూనే ఉంది, కానీ తిడుతూనే మాకు రొట్టె కోసి పెడుతోంది. తిట్లు పలచబడ్డాయని దాన్నిబట్టి తెలిసింది.

వదిన రొట్టె ముట్టలేదు. సీసా వైపే చూస్తోంది. సీసా ఒళ్ళంతా నీటిబొట్లు. కిందికి కారి బల్ల మీద గుండ్రంగా మడుగు కట్టింది. వదిన తన చేతిరుమాలుతో సీసాను పొడిగా తుడిచింది. చూస్తుండగానే మళ్ళీ బొట్లు పట్టాయి.

"డీనా, ఈ సీసా ఏమైనా కారుతోందా?" అంది.

"లేదు. చల్లగా ఉందిగా, బయటి ఉక్కకి అలా పడుతుంది."

"అదే," అంది వదిన.

ఇంటికి రాగానే, గోడకు వేలాడుతున్న మామగారి ఫోటో దించి అద్దం ఊడదీసింది. ఆయనకు ఏం కోపం రాదని నాతో అంది. దారానికి రాసుకునే తేనెమైనం ఉండ ఒకటి ఆవిడ దగ్గర ఎప్పుడూ ఉండేది. దాన్ని కొవ్వొత్తి సెగకు మెత్తబరిచి, ఉత్తరం గోడ మీద ఒక చోట తుడిచి ఆరబెట్టి, ఆ అద్దాన్ని గోడకు ఆనించి నాలుగు అంచులా మైనంతో గాలి చొరకుండా మూసింది.

"నీళ్ళు కొండలోంచి వస్తుంటే అద్దం వెనక తడి పట్టాలి. గాలిలోంచి వస్తుంటే ముందర పట్టాలి. చూద్దాం."

గౌనును పైకి తీసుకెళ్ళి భోజనాల బల్ల మీద పరిచాం, మిగిలిన గుడ్డనైనా కాపాడదామని. వెనక భాగం విప్పి, తోకలోంచి కొత్త ముక్కలు కత్తిరించింది వదిన. కానీ కుట్టడం సాధ్యం కాలేదు. పైన తొంభై ఐదు డిగ్రీల ఫారన్‌హీట్ వేడి. చేతులకు పౌడరు రాసుకుంటే ఆ పౌడరే నిమిషంలో పేస్టయ్యేది. మూడు కుట్లు వేసి చేతులు కడుక్కోవాలి, మళ్ళీ మూడు కుట్లు. మంగళవారం మధ్యాహ్నానికి వదిన సూది గుచ్చి పెట్టేసింది.

"కిందే కుట్టాలి. కానీ కింద ఆరాలి," అంది.

అద్దం దగ్గరికి వెళ్ళి చూశాం. ముందర బొట్లు కారి అంచు దాకా చారలు. గోరుతో మైనం గీకి అద్దం తీసింది. వెనక పొడిగా ఉంది. గోడ మీద అద్దం ఆనిన చోట చదరంగా తెల్లటి సున్నం, చుట్టూ తడి.

నేను ఆ పొద్దున కింద ఒక్క గిన్నె కూడా మరిగించలేదు. ఒక్క గుడ్డ ఆరేయలేదు. ఇద్దరం ఒకేసారి తల పైకెత్తి కిటికీల వైపు చూశాం. నాలుగూ బార్లా తెరిచి ఉన్నాయి. నది మీది ఆవిరంతా వాటిలోంచి లోపలికి దిగుతోంది.

"నున్సియో!" అన్నాను. నా మీద పడ్డ నింద ఆయన మీదకు పోతోందని నాకు సంతోషంగానే ఉంది, అబద్ధమెందుకు. "రానీ, ఇవాళ చెప్తాను ఆయన సంగతి."

"నువ్వేం చెప్పకు," అంది వదిన గట్టిగా. కుట్టుమిషను ముందు స్టూలు మీద కూర్చుంది. "నీకు మా అమ్మ సంగతి నున్సియో ఎప్పుడైనా చెప్పాడా?"

"జబ్బు చేసి పోయిందని చెప్పాడు."

"అంతేనా?"

అప్పుడు చెప్పింది. వాళ్ళది ఇటలీలో అబ్రుజ్జో కొండల్లో ఊరు. ఇల్లంటే కొండను సగం తొలిచి కట్టిన ఒకే గది. కిటికీ లేదు, తలుపొకటే. తండ్రి అప్పటికే అమెరికాలో మిల్లులో ఉన్నాడు. తల్లికి దగ్గు. క్షయ. వదిన పొలం పనికి పోయేది. నున్సియోకు ఎనిమిదేళ్ళు. తల్లి దగ్గర కూర్చుని, ఆవిడకు ఊపిరాడనప్పుడల్లా తలుపు తెరవడం వాడి పని. తలుపు తెరిస్తే గాలి వస్తుంది, అమ్మకు నయమవుతుందని ఎవరో చెప్పారు. ఒక రోజు ఎండగా ఉంది, పిల్లలు కేకలేస్తున్నారు, వాడు ఆడుకోవడానికి పోయాడు. పోతూ తలుపు మూసుకుపోయాడు, కోళ్ళు లోపలికి రాకుండా. వచ్చేసరికి తల్లి లేదు.

"ఆ రోజు నుంచి వాడు ఏ గదిలోనూ తలుపు మూసి పడుకోలేదు. ఇక్కడికొచ్చాక నేనీ కింద మిషను పెట్టుకున్నాను. మొదటి రోజే వచ్చి కిటికీలు తెరిచాడు. పదహారేళ్ళవాడు. నేనేం అనగలను డీనా? అప్పట్నుంచీ తెరుస్తూనే ఉన్నాడు. వాడు తెరిచేది నా కోసం."

ఏడేళ్ళుగా ఆ కిటికీల మీద నేను వేసిన జోకులన్నీ వరసగా గుర్తొచ్చాయి.

"మరిప్పుడేం చేద్దాం వదినా?"

"నేను చెప్తాను. నువ్వు పక్కనుండు."

బుధవారం తెల్లారుతుండగా నున్సియో ఎప్పట్లాగే కిందికి దిగి, ముక్కాలిపీట ఎక్కి మొదటి కిటికీ మీద చేయి వేశాడు. వాన లోపలికి కొడుతుందేమోనని రాత్రిళ్ళు వాటిని తనే మూసేవాడు, మెట్ల తలుపు మాత్రం తెరిచే ఉంచేవాడు. వదిన అప్పటికే లేచి కూర్చుని ఉంది.

"నున్సియో, దిగు. ఇది చూడు."

అద్దాన్ని సాయంత్రమే మళ్ళీ గోడకు అంటించి ఉంచింది. ముందర తడి చూపించింది. ఆయన చేతే మైనం తీయించి వెనక పొడి చూపించింది. బ్రోన్యా ఇంట్లో సీసా సంగతి చెప్పింది. ఆయన అద్దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఒక్క అద్దంతో ఏం తేలుతుంది? గోడలో నీళ్ళున్నాయి. నాన్నే చెప్పాడు."

"నాన్న చెప్పాడు. నేనూ అలాగే అనుకున్నాను."

"కిటికీలు మూస్తే నీకు ఊపిరెలా ఆడుతుంది? ఇక్కడ కూర్చుని రోజుకి పది గంటలు సూది పొడుస్తావు. ఇది సమాధిలా అవదూ?" గొంతు పెరిగింది. పిల్లలు మంచాల మీద కదిలారు. "నేను మిల్లులో పైన క్రేనులో కూర్చుంటా, కొలిమి నా కిందే ఉంటుంది, నాకేం కాదు. నువ్విక్కడ గాలి లేకుండా..."

"నున్సియో."

ఆయన అక్క వైపు తిరిగాడు.

"నాకు దగ్గు లేదురా," అంది వదిన.

ఆయన అద్దం పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"నాకు నలభై ఆరేళ్ళు. నా ఛాతీ గుర్రం ఛాతీ. డాక్టరు కూడా అదే అన్నాడు. అమ్మ జబ్బు వేరు. ఆ జబ్బుకి అప్పట్లో మందు లేదు. నువ్వు తలుపు తెరిచి ఉంచినా ఆ రోజు పోయేది. మూసినందుకు పోలేదు. నీకు ఎనిమిదేళ్ళు. ఆడుకోవడానికి పొమ్మని అమ్మే నీకు చెప్పింది, నాకు తెలుసు. పొద్దున నేను పొలానికి బయల్దేరుతుంటే నాతో అంది, వాణ్ణి ఇవాళ బయటికి పంపిస్తాను, ఎండ బాగుంది అని."

"నాకెప్పుడూ చెప్పలేదే నువ్వు."

"నువ్వెప్పుడూ అడగలేదు. ఆ మాట ఎత్తితే ఏడుస్తావని నేనూ ఎత్తలేదు. తప్పు నాదే."

నున్సియో ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. అద్దం మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. మిల్లు కూత వినపడింది. ఆయన లేవలేదు. ఆయన ఆలస్యంగా వెళ్ళిన రోజు, నాకు తెలిసి, అదొక్కటే. నేను కాఫీ కలిపి ఇచ్చాను. తాగాడు. వదిన వచ్చి ఆయన తల మీద చేయి పెట్టి, చిన్నపిల్లాడికి దువ్వినట్టు జుట్టు వెనక్కి దువ్వింది. జుట్టు అప్పటికే పలచబడింది. ఆ మాట అనబోయి ఊరుకున్నాను.

కాసేపటికి లేచి, ముక్కాలిపీట ఎక్కి, కిటికీల గొళ్ళేలన్నీ బిగించాడు.

ఆ సాయంత్రం మిల్లు నుంచి వస్తూ భుజం మీద గోతాం మోసుకొచ్చాడు. మట్టిరోడ్ల మీద దుమ్ము లేవకుండా చల్లే ఉప్పు అది. ఎవరో స్నేహితుణ్ణి అడిగి తెచ్చాడు. గాలిలో తడిని పీల్చుకుంటుందట. నా రొట్టెల పళ్ళేలన్నీ అడగకుండా తీసుకుని, వాటిలో ఆ ఉప్పు పోసి నాలుగు మూలలా పెట్టాడు. పొద్దునకల్లా పళ్ళేల్లో నీళ్ళు. నేను పారబోయడం, ఆయన కొత్త ఉప్పు పోయడం. బీరువాను గోడ నుంచి జానెడు దూరం జరిపాడు. లోపల చిన్న బల్బు ఒకటి వెలిగించి పెట్టాడు. చన్నీళ్ళ గొట్టానికి పాత కంబళి చుట్టాడు. ఇంటి చూరు గొట్టం గోడ మొదట్లోనే వాననీళ్ళు వదులుతోందని అప్పుడు కనిపెట్టి, పాత పొయ్యిగొట్టం తగిలించి వాటిని టమాటా పాదుల దాకా తీసుకెళ్ళాడు. గోడలోంచి నీళ్ళు ఊరడం లేదని తేలినా, ఊరే అవకాశం కూడా ఇవ్వదలచుకోలేదు.

గురువారం మధ్యాహ్నానికి గోడలు పొడిబారాయి. గౌను కిందికి తెచ్చాం. ఆ గురువారం, శుక్రవారం వదిన మిషను మీద, నేను చేత్తో, పక్కపక్కన కూర్చుని కుట్టాం. కిటికీలు మూసి, తెరలు దించి, దీపాలు వేసుకున్నాం. బయట వీధిలో తారు మెత్తబడుతుంటే మేము భుజాల మీద శాలువాలు కప్పుకున్నాం. రెండో రోజు వదిన తల ఎత్తకుండానే అంది, "నీ మాకరోనీని అన్నందుకు ఏమీ అనుకోకు."

"అనుకోను. మైనం ద్రాక్షపళ్ళు కొనిస్తానన్నావుగా."

"అవి కరిగాయా?"

"కరిగితేనే కొంటావా?"

"నోరు చూడు దీనికి," అంది. నవ్వింది.

శుక్రవారం సాయంత్రం బ్రోన్యా స్వయంగా వచ్చింది. గౌను చుట్టూ రెండుసార్లు తిరిగింది. వెనక కుట్లు ఎక్కడ వేశామో వేలితో వెతికింది. దొరకలేదు. "తోక లేదు," అంది చివరికి. "లేదు," అంది వదిన. బ్రోన్యా ముక్కు చీది, సంచీలోంచి గసగసాల రొట్టె తీసి బల్ల మీద పెట్టింది. పెళ్ళి విందులో హలీనా మిల్లు సంఘం హాలులో పోల్కా డాన్సులో అలసిపోయేదాకా గిరగిరా తిరిగింది. తన పెళ్ళిలో తోక తొక్కి పడబోయానని, ఇదే నయమని బ్రోన్యా మా బల్ల దగ్గరికొచ్చి చెప్పింది. అరువు గౌనుకు తోకెక్కడిదని అడగబోతే వదిన బల్ల కింద నా కాలు తన్నింది.

ఆ తరవాత నున్సియోకు కిటికీలంటే వేరే పిచ్చి పట్టుకుంది. చిన్న గిన్నెలో ఉప్పు పోసి వసారాలో పెట్టేవాడు. పొద్దున ఉప్పు ముద్ద కడితే కిటికీలు మూసి ఉంచాలి. ఉత్తరపు గాలి తిరిగి, ఉప్పు పొడిపొడిగా రాలితే, పెరట్లోంచే అరిచేవాడు, "అక్కా! ఇవాళ తెరవొచ్చు!" ఆ అరుపులో ఎంత సంతోషమో. వీధిలో ఎవరి నేలమాళిగలో చెమ్మ కనిపించినా అద్దం, మైనం పట్టుకుని పోయేవాడు. ఆదివారాలు ప్రార్థన అయ్యాక ఆయన్ని వెతకాలంటే ఎవరో ఒకరి గోడ దగ్గర వెతకాలి. నాలుగేళ్ళ తరవాత తడి పీల్చే కరెంటు యంత్రం కొన్నాడు. అది రోజుకొక బకెట్టు నీళ్ళు తీసేది. రైలింజనులా గుర్రుమంటోందని వదిన విసుక్కునేది. కానీ ఆ నీళ్ళు వృథా చేయకుండా మొక్కలకు పోసేది.

వదిన 1971 దాకా కుట్టింది. మోకాళ్ళు మెట్లు దిగనివ్వనప్పుడు పైకి మారింది. పైన నిద్ర పట్టడం లేదని, గాలి ఎక్కువగా ఉందని సణిగేది. రెండేళ్ళకు పోయింది. నున్సియో ఆవిడ మంచం పక్కనే ఉన్నాడు. ఆవిడే కావాలని ఆయన్ని బయటికి పంపించింది, పాదులకు నీళ్ళు పెట్టి రమ్మని. తిరిగొచ్చేదాకా ఉంది. అది చాలని ఆయన తరవాత నాతో అన్నాడు.

ఇప్పుడు నేనుంటున్న చోట మీట నొక్కితే చల్లటి గాలి వస్తుంది. బాగానే ఉంటుంది. కానీ జూలై మధ్యాహ్నాల్లో నాకు ఆ నేలమాళిగే గుర్తొస్తుంది. సున్నం వాసన, తేనెమైనం వాసన, మూత పెట్టిన గిన్నెలో ఉడికే టమాటాల వాసన. సిమెంటు నేల మీద చొక్కా విప్పి బోర్లా పడుకున్న నున్సియో. ఆయన వీపు మీద తల పెట్టుకుని పిల్లలిద్దరూ. రేడియోలో సన్నగా బేస్‌బాల్ ఆట. మధ్యాహ్నం మూడింటికి అందరూ నిద్రలో ఉండగా వదిన మిషను ఆపి, ఇనప కత్తెర తీసి, చప్పుడు చేయకుండా వచ్చి నా మెడ వెనక ఆనించేది. ఝల్లుమనేది. నేను కెవ్వుమనేదాన్ని, పిల్లలు లేచేవాళ్ళు, నున్సియో నిద్రలోనే తిట్టేవాడు, ఆవిడ ఏమీ ఎరగనట్టు మళ్ళీ సూదిలో దారం ఎక్కించుకుంటూ కూర్చునేది.